గీతలన్నీ భ్రంశాలు కావు

1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో దాదాపు 5.4 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో వచ్చిన భూకంపం విజయవాడ దాకా తెలిసింది. మన విజయవాడను 2002 నాటి భూకంప మండలాల పటం మధ్యస్థ ముప్పున్న మూడో మండలంలో చేర్చింది. ఇంతవరకూ చాలామందికి తెలుసు. మన కాళ్లకింద ఏ భ్రంశం, అంటే ఇరువైపులా శిలలు జరిగిన పగులు, ఇంకా కదిలే స్థితిలో ఉందో తేల్చడం ఎంత కష్టమో మాత్రం అంతగా తెలియదు.

పని పటంతో మొదలవుతుంది. 2005లో ఇస్రో ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహం ఒకే నేలను రెండు కోణాల నుంచి చిత్రించేది. ఆ రెండు చిత్రాల తేడానుంచి ఎత్తులను లెక్కగట్టి, కంప్యూటర్‌లో ఏ దిక్కునుంచైనా ఎండ పడుతున్నట్టు నీడలు వేయవచ్చు. వెలుగు పడే దిశకు సమాంతరంగా ఉన్న గీతలు కంటికి ఆనవు కాబట్టి, ఒకే పటాన్ని నాలుగైదు దిక్కుల వెలుగులో చూడాలి. అలా చూస్తే కొండపల్లి, మంగళగిరి కొండల చుట్టూ తిన్నని గీతలు చాలానే తేలుతాయి. వాటిలో ఎక్కువ భాగం వంద కోట్ల ఏళ్లకు పైబడిన తూర్పు కనుమల శిలల్లోని పొరల దిశను చూపేవే తప్ప కదులుతున్న భ్రంశాలు కావు. కొన్నయితే పాత కాలువ గట్లు!

అందుకే నేల మీదికి దిగాలి. వాగు హఠాత్తుగా పక్కకు తిరిగిందా, ఒకే కాలపు గులకరాళ్ల పొర గీతకు ఇరువైపులా వేర్వేరు ఎత్తుల్లో ఉందా అని వెతకాలి. గుంటూరు నల్లరేగడిలో ఇదే పెద్ద చిక్కు. ఈ మట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి లోతుగా బీటలు వారుతుంది. మట్టిగడ్డలు ఒకదానిమీదొకటి జారుతూ రాసుకోవడం వల్ల లోపల నున్నగా మెరిసే గీరల తలాలు ఏర్పడతాయి. భ్రంశం కదిలినప్పుడు రాతిమీద పడే గీరలు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. కొత్తగా తవ్విన పునాది గుంత గోడలో ఇవి కనిపిస్తే తొందరపడి తీర్పు చెప్పకూడదు. మట్టి తలాలు చిన్నవి, వంపు తిరిగినవి, పలు దిశల్లో ఉంటాయి, రేగడి మందం దాటి కిందికి దిగవు. భ్రంశమైతే అడుగున ఉన్న రాతిలోకీ కొనసాగుతుంది, దారిలో తగిలిన ప్రతి పొరనూ తెంపుతుంది.

రేగడిని నిశితంగా చదవాలని నేను గట్టిగా అనడానికి కారణం మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి. 1993 సెప్టెంబరు 30న అక్కడ 6.2 తీవ్రతతో వచ్చిన భూకంపంలో దాదాపు పదివేల మంది చనిపోయారు. అదీ నల్లరేగడి నేలే, అక్కడి భ్రంశమూ అంతకుముందు ఎవరూ గుర్తించనిదే.

నిజమైన భ్రంశం దొరికితే దానికి అడ్డంగా కందకం తవ్వి వయసు కడతారు. బొగ్గు ముక్క ఉంటే కార్బన్-14 పనికొస్తుంది. లేకపోతే ఇసుక రేణువులు చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో కొలుస్తారు. అందుకోసం వెలుతురు సోకకుండా ఇనుప గొట్టాన్ని గోడలోకి దిగగొట్టి నమూనా తీస్తారు. తెగిన పొరల్లో అన్నిటికన్నా పైదాని వయసు, దానిపైన తెగకుండా పరుచుకున్న పొర వయసు తెలిస్తే, ఆ రెండింటి మధ్య కాలంలోనే నేల చీలిందని చెప్పవచ్చు.