పాము డబ్బా మీద రాసిన 66 శాతం

"మేడమ్, మా ఇంట్లో ఒక బాల్ పైథాన్ ఉంది. కొన్నప్పుడు డబ్బా మీద '66 శాతం హెట్ ఆల్బినో' అని రాసి ఇచ్చారు. చూడ్డానికి మామూలు గోధుమరంగు పామే. ఇందులో ఆ 66 శాతం తెలుపు ఎక్కడుంది? మిగతా 34 శాతం ఏంటి?"

చెన్నై వేళచ్చేరిలో ఉంటూ ఐటీ ఉద్యోగం చేసుకుంటున్న ఒక నెల్లూరు కుర్రాడి ప్రశ్న ఇది. చదవగానే ప్రాణం లేచొచ్చింది. ఎన్నేళ్ళుగానో క్లాసులో మెండెల్ అనువంశికత పాఠం చెబుతున్నాను, ఒక్క పిల్లాడూ ఇలా అడిగిన పాపాన పోలేదు. నాలుగు గళ్ళు గీస్తారు, 3:1 అని, అంటే మూడు మామూలువి, ఒకటి వేరేది అని రాస్తారు, మార్కులు వేయించుకుని వెళ్ళిపోతారు. ఆ 3 లోపల ఏముందో ఎవరికీ పట్టదు. పాముల వ్యాపారంలో మాత్రం డబ్బంతా ఆ 3 లోపలే తిరుగుతుంది.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆల్బినో అంటే నల్ల వర్ణకం లేక తెల్లగా పుట్టినది. హెట్ అంటే చూడ్డానికి మామూలుగా ఉంటూ ఆ తెలుపు జన్యువుని ఒకటి లోపల మోస్తున్నది. ఏ పామూ 66 శాతం హెట్ కాదు. ఆ పాము దగ్గర తెలుపు జన్యువు ఉంటే ఉంది, లేకపోతే లేదు. 66 అనేది పాముకి చెందిన అంకె కాదు, దాని గురించి మనకి తెలిసినదానికి చెందిన అంకె. అందుకే పాము ఏమీ మారకుండా ఆ అంకె మాత్రం మారుతూ పోతుంది.

పామేంటి, ఇంట్లో పెంచడమేంటి అని ముక్కున వేలేసుకునేవాళ్ళకి ఒక మాట. నాగు, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన పాముల్ని పట్టి ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్ కూడా ఒక రకం కొండచిలువే, కానీ దానిది ఆఫ్రికా. 2022 సవరణ, ఆపై 2024 నిబంధనలు వచ్చాక ఇలాంటి విదేశీ జీవాల్ని పెంచేవాళ్ళు కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, పిల్లలు పుట్టినా తెలియజేయాలి. బ్యాంకాక్ నుంచి వచ్చిన పెట్టెల్లో బాల్ పైథాన్లు దొరికాయని చెన్నై విమానాశ్రయం వార్తలు చదువుతూనే ఉంటాం. అలా వచ్చినదానికి కాగితాలుండవు, తల్లిదండ్రులెవరో తెలియదు. కాబట్టి కింది లెక్కలేవీ దానికి పనిచేయవు.

ఇక అసలు సంగతి. చెన్నై అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళకి కింద సంపు, పైన ట్యాంకు, నీళ్ళెక్కించడానికి రెండు మోటార్లు అంటే వివరించక్కర్లేదు. ఒక మోటారు కాలిపోయిందనుకోండి. ఇళ్ళల్లో ఎవరికీ తెలియదు. రెండోది కాస్త ఎక్కువసేపు తిరిగి ట్యాంకు నింపేస్తుంది, కుళాయిలో నీళ్ళు మామూలుగానే వస్తాయి. రెండూ కాలిపోయిన రోజే కుళాయి తిప్పితే గాలి వస్తుంది, అప్పుడు గాని వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలవదు.

పాముకీ మనకీ దాదాపు ప్రతి జన్యువూ రెండేసి ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మెలనిన్ అనే నల్ల వర్ణకంగా మార్చే దారిలో తొలి అడుగులు వేయించేది టైరోసినేజ్ అనే ఎంజైమ్. దాని జన్యువు పేరు టీవైఆర్. ఒక ప్రతి చెడిపోతే రెండోది చేసే ఎంజైమ్ సరిపోతుంది, పాము మామూలు రంగులోనే ఉంటుంది. ఇదే హెట్, అంటే ఒక మోటారు కాలిన ఇల్లు. రెండు ప్రతులూ చెడితే తెల్ల పాము. పాఠాల్లో అంతర్గత (రిసెసివ్) లక్షణం అంటే ఇంతే. బలవంతుడి ముందు బలహీనుడు నోరు మూసుకోవడం లాంటిది ఇక్కడేమీ లేదు. ఉన్న ఒక్కటీ పనికి సరిపోతోందా లేదా అన్నదే ప్రశ్న.

సరిపోని సందర్భాలూ ఉన్నాయి. ఒక్క మోటారుతో పై అంతస్తులో ధార సన్నబడితే ఒకటి కాలిన సంగతి కూడా బయటికి తెలుస్తుంది. కాలిన మోటారు ఊరికే ఉండక షార్ట్ సర్క్యూట్ చేసి మెయిన్ ట్రిప్ చేస్తే బాగున్న రెండోదీ ఆగిపోతుంది. ఒక్క ప్రతి మార్పుతోనే బయటపడే లక్షణాలు కొన్ని ఇలా పనిచేస్తాయి. బాల్ పైథాన్లలో 'స్పైడర్' అనే రకానికి ఒక్క ప్రతి చాలు, దాంతోపాటు తల వణికే జబ్బు కూడా వస్తుంది. అలాంటివాటికి 66 శాతం గొడవ లేదు. ఉంటే కనిపిస్తుంది.

ఇంకోటి కూడా ఈ మోటార్లతోనే తేలుతుంది. ఆల్బినో బాల్ పైథాన్ పాలలా తెల్లగా ఉండదు, తెలుపు మీద పసుపు మచ్చలుంటాయి. పాము చర్మంలో నల్ల వర్ణకపు కణాలు వేరు, పసుపు, ఎరుపు వర్ణకాల కణాలు వేరు. ఎండింది నల్ల కుళాయి ఒక్కటే, పసుపు కుళాయి తిరుగుతూనే ఉంది. ఎక్కడో పొలంలో తెల్ల నాగు కనిపిస్తే శ్వేతనాగు వెలిసిందని పసుపు కుంకుమలు చల్లి, పాల గిన్నె పెడతారు. పాము పాలు తాగే జీవి కాదు. పైగా పొదల్లో కలిసిపోయే రంగు లేక డేగ కంట్లో ఇట్టే పడుతుంది. దేవతకి ఇది పెద్ద కష్టమే.

ఇప్పుడు ఆ 3 లోపలికి వెళ్దాం. తల్లీ తండ్రీ ఇద్దరూ హెట్. ప్రతి గుడ్డుకీ నాలుగు సమాన అవకాశాలు: రెండూ మంచివి, తల్లి నుంచి మాత్రమే చెడ్డది, తండ్రి నుంచి మాత్రమే చెడ్డది, రెండూ చెడ్డవి. చివరి రకం పిల్ల గుడ్డులోంచి తెల్లగా వస్తుంది, దాన్ని ఎక్కువ ధరకి పక్కన పెడతారు. మిగిలినవి చూపుకి ఒకేలా ఉండే మూడు రకాలు. వాటిలో రెండు చెడ్డ ప్రతిని మోస్తున్నవి. మూడింట రెండు, అంటే 66.67 శాతం. వ్యాపారంలో ఆ చివరి ముక్క కోసేసి 66 అంటున్నారు.

దీన్ని మొదట పరీక్షించినవాడు మెండెలే. 1866లో అచ్చయిన ఆయన పత్రంలో 3:1 తర్వాత వచ్చే భాగాన్ని మన పుస్తకాలు దాటేస్తాయి. గుండ్రటి గింజల నుంచి పెంచిన 565 మొక్కల్ని ఆయన వాటితోనే పరాగసంపర్కం చేయించి చూశాడు. 193 మొక్కలు గుండ్రటి గింజలే ఇచ్చాయి. 372 మొక్కల్లో మాత్రం ముడతల గింజలు కూడా బయటపడ్డాయి. భాగించి చూడండి, 65.8 శాతం. మన నెల్లూరు కుర్రాడి డబ్బా మీదున్న అంకె బఠాణీ తోటలో అప్పుడే తేలిపోయింది.

బఠాణీ తనతో తానే జతకట్టగలదు. పాముకి తోడు కావాలి. మన కుర్రాడి పాము ఆడదనుకుని, దానికి ఒక తెల్ల మగపాముని జత చేశామనుకుందాం. మగది ఇచ్చేది ఎప్పుడూ చెడ్డ ప్రతే. ఆడది హెట్ అయితే ఒక్కో పిల్ల తెల్లగా పుట్టే అవకాశం సగం, కాకపోతే సున్నా. ఇలాంటి '66 శాతం' ఆడపాములు 300 ఉన్నాయనుకోండి. 200 మోస్తున్నవి, 100 కానివి. అన్నిటికీ మొదటి పిల్ల పుట్టింది. మోస్తున్న 200లో 100కి తెల్లపిల్ల వస్తుంది, అవి తేలిపోయాయి. మామూలు పిల్ల పుట్టినవి 200 మిగిలాయి: 100 మోస్తున్నవి, 100 కానివి. అంటే ఒక్క మామూలు పిల్ల పుట్టగానే 66 కాస్తా 50 అయింది. రెండో పిల్లా మామూలుదే అయితే 50 ఒకవైపు, 100 ఒకవైపు, అంటే 33 శాతం. మూడోదానికి 20, నాలుగోదానికి 11, అయిదోదానికి 6, ఆరోదానికి 3. ఇంతలో పాములో ఒక్క పొలుసు కూడా మారలేదు.

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా నచ్చేది దాని ఒంటికన్ను బుద్ధి. మామూలు పిల్లలు ఎన్ని పుట్టినా అంకె తగ్గుతుందే గాని సున్నా కాదు. అదే ఒక్క తెల్లపిల్ల చాలు, నూటికి నూరు. దాదాపు రెండు నెలలు పొదిగించాక బాల్ పైథాన్ పిల్ల ముక్కు కొననున్న చిన్న పంటితో గుడ్డు తోలు చీల్చి, తల మాత్రం బయటపెట్టి, ఒక్కోసారి రోజంతా అలాగే ఉంటుంది. ఆ చీలికలోంచి లేత పసుపు తల, ఎర్రటి కళ్ళు కనిపించిన క్షణంలో తల్లి జాతకం తేలిపోతుంది. ఒక చిక్కుంది. ఆడపాము పాత మగపాము వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు, అరుదుగా మగతోడు లేకుండానే పిల్లల్ని పెట్టగలదు. అలాంటప్పుడు పై లెక్క తప్పుతుంది. తెల్ల మగపాము దొరక్క, ఖాయంగా హెట్ అని తెలిసిన మగదాన్ని జత చేస్తే పరీక్ష బాగా బలహీనపడుతుంది. అప్పుడు ఆరు మామూలు పిల్లలు పుట్టినా ఇంకా 26 శాతం అనుమానం మిగిలే ఉంటుంది.

"రెండు హెట్‌లు కలిపాను, మూడు మామూలువి వచ్చాయి, నాలుగోది తెల్లదే" అని ఆశపడేవాళ్ళు ఉంటారు. ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాలుగో కాన్పు మగపిల్లాడే అని మన ఇళ్ళల్లో చెప్పే జోస్యానికి ఇది సొంత చెల్లెలు. గుడ్డుకి గుడ్డు లెక్క తెలియదు. రెండు హెట్‌ల ఆరు గుడ్లలో ఒక్క తెల్లదీ రాకపోవడం 18 శాతం సార్లు జరుగుతుంది.

ఈ నిరీక్షణంతా తప్పించుకునే దారి ఒకటి కుబుసంలో ఉంది. పాము వదిలిన కుబుసాన్ని వెలుతురుకి పట్టి చూడండి. పలచటి పొర, దాని మీద మచ్చల నీడలు, తల దగ్గర కళ్ళ మీది గాజుపొరలు కూడా ఊడి వచ్చి ఉంటాయి. ఆ పొరలో డీఎన్‌ఏ ఉంటుంది. అమెరికాలో ఈస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పెంపకందారులు పంపిన కుబుసాల్లోంచే జన్యువుల్ని వెలికితీశారు. 2022లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం ఆల్బినో బాల్ పైథాన్‌లో చెడింది టీవైఆర్, 'లావెండర్ ఆల్బినో' అనే ఇంకో తెల్ల రకంలో ఓసీఏ2 అనే జన్యువు, 'అల్ట్రామెల్' అనే లేత రంగు రకంలో టీవైఆర్‌పీ1 అనే జన్యువు. ఏ ముక్క చెడిందో తెలిశాక మామూలు రంగు పాములో దాన్ని వెతకడం ల్యాబ్ పని. ఆ ఫలితం చేతికొస్తే 66 అక్కడితో 100 అవుతుంది, లేదా 0.

ఇదే మూడింట రెండు మన ఇళ్ళల్లోనూ ఉంది. అన్నకి తలసీమియా మేజర్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉందనుకోండి. అంటే అమ్మానాన్నలిద్దరూ ఒక్కో చెడ్డ ప్రతి మోస్తున్నారు. ఆరోగ్యంగా తిరుగుతున్న చెల్లెలు దాన్ని మోస్తూ ఉండే అవకాశం ఎంత? సగం అంటారు, పావు అంటారు. మూడింట రెండు. ఆమెకి జబ్బు లేదని ముందే తెలుసు కాబట్టి నాలుగో గడి కొట్టేశాం. పాముల్లా పిల్లలు పుట్టేదాకా ఆగక్కర్లేదు, రక్తపరీక్షలో హెచ్‌బీఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ 3.5 శాతం దాటితే బీటా తలసీమియా క్యారియర్ అని డాక్టర్లు అనుమానిస్తారు. పెళ్ళిచూపులకి జాతకాలు తెచ్చేవాళ్ళు ఈ కాగితం కూడా తెస్తే బాగుండు.

మేనరికం మాట కూడా రావాలిగా. ఒక్క తెల్లపాముతో మొదలుపెట్టి మరో తెల్లపాముని పుట్టించాలంటే దాని పిల్లల్ని దాంతోనో, తోబుట్టువులతోనో కలపక తప్పదు. అమెరికాకి చెందిన బెక్టెల్ దంపతులు 1962లో కార్న్ స్నేక్ అనే అక్కడి పాముల్లో తెలుపు వంశపారంపర్యమని ఇలాంటి పెంపకంతోనే చూపించారు. దీనికయ్యే ఖర్చు వేరే చోట పడుతుంది. తల్లిపాము దగ్గర మనకి తెలియని ఇంకేదో చెడ్డ ప్రతి ఒకటి ఉంటే, అన్నాచెల్లెళ్ళని కలిపినప్పుడు పుట్టే పిల్లలో అది జంటగా చేరే అవకాశం 16లో ఒకటి. మనుషుల్లో మేనమామని చేసుకుంటే, తాత దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉన్న అలాంటి ప్రతికి 32లో ఒకటి. బావామరదళ్ళకి 64లో ఒకటి. ఒక్క ప్రతికి ఇది చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ ప్రతి మనిషిలోనూ ఇలాంటివి కొన్ని ఉంటాయి. పాముల్ని జాగ్రత్తగా పెంచేవాళ్ళు మధ్యమధ్యలో సంబంధం లేని పాముని తెచ్చి కలుపుతారు. ఆడది గుడ్లకి రావడానికే మామూలుగా మూడేళ్ళు, తెల్ల ఆడపిల్లతో మొదలుపెడితే అలాంటి తరాలు రెండు దాటాలి, కాబట్టి మళ్ళీ తెలుపు కనిపించేసరికి ఆరేళ్ళు దాటుతుంది.

ఇక పెంపకందారుల్ని బిత్తరపోయేలా చేసేది ఒకటి మిగిలింది. ఆల్బినోకి లావెండర్ ఆల్బినోని జత చేస్తే రెండూ తెల్లవే కాబట్టి పిల్లలూ తెల్లగా రావాలి కదా? ఒక్కటీ రాదు, అన్నీ గోధుమరంగే. మళ్ళీ ట్యాంకు దగ్గరికి రండి. ఒక ఇంట్లో మోటార్లు రెండూ కాలాయి, గేట్ వాల్వులు బాగున్నాయి. ఇంకో ఇంట్లో మోటార్లు బాగున్నాయి, వాల్వులు రెండూ బిగుసుకుపోయాయి. రెండిళ్ళల్లోనూ కుళాయి ఎండిందే. ఓసీఏ2 చేసేది ఈ వాల్వు లాంటి పనే: మెలనిన్ తయారయ్యే చిన్న సంచిలో ఆమ్లత్వాన్ని సరిచేస్తుంది, అది కుదరకపోతే టైరోసినేజ్ ఉండి కూడా పనిచేయదు. పిల్లకి ఒక వైపు నుంచి మంచి వాల్వు, ఇంకో వైపు నుంచి మంచి మోటారు వచ్చాయి. నల్లనీళ్ళు పారాయి. ఆ పిల్లల్ని తమలో తాము కలిపితే 16లో సగటున 9 మామూలువి, 7 తెల్లనివి. ఆ ఏడులో మూడు ఆల్బినో, మూడు లావెండర్, ఒకదానికి రెండూ.

మనుషుల్లోనూ ఇది జరిగింది. ఆల్బినిజం ఉన్న ఇద్దరు పెళ్ళి చేసుకుంటే మామూలు రంగు పిల్లలు పుట్టిన కుటుంబం గురించి ట్రెవర్-రోపర్ అనే ఇంగ్లండ్ కంటి డాక్టరు 1952లో రాశాడు. జన్యువుల పేర్లు అప్పటికి ఎవరికీ తెలియవు. ఒకే రకంగా కనిపిస్తున్న ఆ తెలుపు వెనక చెడినవి రెండు వేర్వేరు చోట్లని ఆ పిల్లల రంగు చూసే తేలింది.