మడత కత్తి కొంటున్నారా? బ్లేడు మధ్యలో ఉందా అని కాదు, లాకు చూడండి

కొత్త మడత కత్తి చేతికి రాగానే మూసి పైనుంచి చూస్తారు. బ్లేడు ఒక పక్కకు ఒరిగి కనిపిస్తే గుండెల్లో రాయి పడుతుంది, వెంటనే వాపస్. బదులుగా వచ్చినదాంట్లో బ్లేడు నడిమధ్యన ఉంటుంది, తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టే లాకేమో ఊగుతుంటుంది. దాన్ని మాత్రం మురిపెంగా ఉంచుకుంటారు!

అపోహ: బ్లేడు మధ్యలో లేకపోతే నాణ్యత లేనట్టే.

వాస్తవం: తక్కువ ధర కత్తుల్లో అర మిల్లీమీటరు తేడా మామూలే. హ్యాండిల్ లోపలి రేకును (లైనర్‌ని) రాసుకోనంతవరకు అది కంటికి కనిపించే లోపమే, పనికి అడ్డం కాదు. బాడీ స్క్రూలు కాస్త వదులు చేసి, బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూను (పివట్) సర్ది, ఒక్కోటీ కొంచెం కొంచెంగా బిగిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. స్క్రూ కదలకపోతే బలవంతం చేయొద్దు, స్క్రూ తలలోని నక్షత్రం ఆకారపు (టార్క్స్) గాడి అరిగిపోతుంది. లోపల స్క్రూ వదులవకుండా పూసిన జిగురు (థ్రెడ్‌లాకర్) గట్టిపడి ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ మొనతో స్క్రూ తలను కాసేపు వేడి చేస్తే వదులుతుంది. లైనర్ లోపలివైపు గీతలు పడుతున్నాయంటే మాత్రం పదును అక్కడే పోతోందని అర్థం.

ఇక లాకు. కత్తి తెరిచి, బ్లేడు మూసుకునే దారిలో ఒక్క వేలూ లేకుండా హ్యాండిల్‌ని పక్కల నుంచి పట్టుకోండి. బ్లేడు వీపును బల్ల అంచుకు ఆనించి మెల్లగా నొక్కండి. బల్లకేసి కొట్టే 'టెస్టు'లు వద్దు, వాటితో మంచి లాకూ చెడుతుంది. బ్లేడు పైకీ కిందకీ ఊగిందా, పివట్ ఎంత బిగించినా అది పోదు. లాకు ముఖం (బ్లేడుకు ఆనే వైపు) కోణం కుదరలేదు, లేదా తెరిచిన బ్లేడును ఆపే స్టాప్ పిన్ వదులు. అలాంటిదాన్ని తిప్పి పంపండి. పక్కలకు ఊగితే కంగారు అక్కర్లేదు. పివట్‌ను చుట్టులో ఎనిమిదో వంతు బిగించి చూడండి. బ్లేడు బిగుసుకుపోయినా ఊగు పోకపోతే పివట్ చుట్టూ ఉండే పలచని బిళ్లల (వాషర్ల) దగ్గరే తేడా.

లైనర్ లాకు (లైనర్‌లోనే ఒక భాగం వంగి బ్లేడును ఆపే లాకు) బ్లేడు మడమ (పివట్ వైపు చివర) మందంలో పావు నుంచి సగం దాకా వచ్చి ఆగాలి. అంచున తగిలీ తగలనట్టుంటే జారుతుంది. కొత్తదే అవతలి లైనర్ దాకా పోయిందంటే ఇక అరగడానికి చోటే లేదు. విసురుగా ఒకసారి, నెమ్మదిగా ఒకసారి తెరిచి చూడాలి. విసిరితేనే పడే లాకును నమ్మొద్దు.

అపోహ: స్టీలు పేరు గొప్పదైతే చాలు.

వాస్తవం: బ్లేడు మీది అక్షరాలు హీట్ ట్రీట్‌మెంట్ (కాచి, చల్లార్చి గట్టిపరచడం) ఎలా చేశారో చెప్పవు. అది సరిగ్గా జరిగిన చవక స్టీలు 8సీఆర్13ఎంఓవీ, సరిగ్గా జరగని పేరున్న స్టీలు డీ2 కన్నా నయం. పైగా డీ2కి తడి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పును ఆపే క్రోమియం 12 శాతం దాకా ఉన్నా చాలావరకు కార్బన్‌తో కలిసి గట్టి రేణువుల్లోకే (కార్బైడ్లలోకే) పోతుంది. తడి పనులుంటే 14సీ28ఎన్ స్టీలు చూసుకోండి.

అపోహ: డబ్బాలోంచి తీయగానే కాగితం కోస్తే మంచి కత్తి.

వాస్తవం: పదును పెట్టాక అంచున తీయకుండా వదిలేసిన సన్నని లోహపు పొర (బర్) కూడా కాగితం కోస్తుంది, నాలుగు అట్టపెట్టెలు కోసేసరికి ఒరిగిపోతుంది.

పివట్ దగ్గర వాషర్లకు బదులు బేరింగులుంటేనే మేలురకం అన్నదీ పుకారే. ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు దుమ్మును మెరుగ్గా తట్టుకుంటాయి, శుభ్రం చేయడమూ సులువు.