కింది సెట్టు ఎందుకు నిలవదు

పళ్ళన్నీ పోయాక కట్టుడు పళ్ళు పెట్టించుకున్న పెద్దవాళ్ళు ఉన్న ఏ ఇంట్లోనైనా వినిపించే మాట, "పై సెట్టు బానే ఉందిరా, ఆ కిందిదే ఎగిరెగిరి పడుతోంది." ఇంట్లోవాళ్ళేమో డాక్టరు సరిగ్గా చెయ్యలేదంటారు, డాక్టరేమో అలవాటవుతుందండీ అంటారు, చాలాసార్లు ఆ సెట్టు చివరికి గ్లాసులో నీళ్ళలోనే ఉండిపోతుంది.

అసలు పై సెట్టు ఎలా నిలుస్తుందంటే అది అంగిలి మొత్తం కప్పుతుంది, మధ్యలో పల్చటి లాలాజలం పొర ఉంటుంది, అంచుల్లోంచి గాలి దూరకపోతే గట్టిగా పట్టేస్తుంది. కింద అంత చోటేదీ, సన్నటి ఎముక గట్టు, లోపలి నుంచి నాలుక నెడుతుంటే బయటి నుంచి బుగ్గలు, పెదవి నెడుతుంటాయి. పైగా పన్ను పోయాక ఆ గట్టు అరగడం ఆగదు. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు సెట్లు వాడేవాళ్ళని 25 ఏళ్ళ పాటు గమనించి 1972లో రాసినదాని ప్రకారం కింది దవడ పైదానికంటే దాదాపు 4 రెట్లు ఎక్కువ అరిగింది.

అందుకే సెట్టు మొదలుపెట్టకముందే ఈ నోరు ఎంత కష్టమో చూడాలి. దీనికోసం 1999లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ప్రోస్థోడాంటిస్ట్స్ (కట్టుడు పళ్ళ నిపుణుల సంఘం) వాళ్ళు పళ్ళు లేని నోళ్ళని 4 తరగతులు చేశారు. రెండు దవడలూ ఒకే బొమ్మలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో కింది దవడ ఎముక ఎక్కడ బాగా తగ్గిందో అక్కడ ఎత్తు కొలుస్తారు, 21 మిల్లీమీటర్లు అంతకంటే ఎక్కువ ఉంటే సులువు కేసు, 10 గానీ ఇంకా తక్కువ గానీ ఉంటే బాగా కష్టం. పై గట్టు ఆకారం, కండరాలు ఎంత పైకి అతుక్కున్నాయి, రెండు దవడలు ఒకదానికొకటి ఎలా కూర్చున్నాయి, ఇవీ చూస్తారు. ఏది అన్నిటికంటే కష్టంగా ఉంటే దాన్నిబట్టే తరగతి.

కానీ ఎముక బాగుంటే మనిషికి సెట్టు నచ్చుతుందా అంటే అంత సూటి లెక్కేం లేదు, నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. మంచి గట్టు ఉండి కూడా నెలల తరబడి ఇబ్బంది పడేవాళ్ళు ఉన్నారు, అరిగిపోయిన దవడతో హాయిగా నమిలేవాళ్ళూ ఉన్నారు. అందుకే సంతృప్తిని మనిషినే అడిగి తెలుసుకోవాలి. ఓహెచ్ఐపీ ఈడెంట్ అనే 19 ప్రశ్నల పట్టిక ఉంది, నమలడం కష్టంగా ఉందా, సెట్టు కింద మెతుకులు ఇరుక్కుంటున్నాయా, నలుగురిలోకి వెళ్ళడం మానేశారా, ఇలాంటివి అడుగుతారు. ఆశ ఎంత పెట్టుకున్నారు, డాక్టరు ముందే ఏం చెప్పారు, నోరు ఎండిపోతుందా, వీటన్నిటినిబట్టీ ఆ జవాబులు మారుతుంటాయి.

కింది గట్టు మరీ అరిగినవాళ్ళకి ముందు వైపు 2 ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే చిన్న మరలు, వేసి సెట్టుని టిచ్ బటన్‌లా వాటికి తగిలిస్తే చాలా తేడా ఉంటుంది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో కూర్చున్న నిపుణులు కింది దవడకి మొదట ఇదే ఇవ్వాలన్నారు, ఖర్చు భరించలేనివాళ్ళకి మామూలు సెట్టే దారి, అదైనా కొలతలు ఓపిగ్గా తీసి చెయ్యాలి. పాత సెట్టు ఉంటే పారెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, పళ్ళు ఎటువైపు అరిగాయో, అంచు ఎక్కడ పొట్టిగా ఉందో చూస్తే కొత్తదాన్లో ఏం మార్చాలో వాళ్ళకి అర్థమవుతుంది.