‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ పాఠం మన బడి దాకా ఎలా వచ్చింది

2007 ఏప్రిల్‌లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పిల్లలపై వేధింపుల గురించి ఒక నివేదిక విడుదల చేసింది. అప్పుడు ఆ శాఖ మంత్రి ఖమ్మం ఎంపీ రేణుకా చౌదరి. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి చేసిన అధ్యయనం అది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పిన పిల్లలు 53.22 శాతం. ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇది ఆడపిల్లల సమస్య అనుకునేవాళ్లకు మరో అంకె మింగుడుపడలేదు: బాధితుల్లో మగపిల్లలే కాస్త ఎక్కువ. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకంగా దగ్గరికి వెళ్లేవాళ్లు. అయినా ఎక్కువ మంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు.

ఎందుకు చెప్పుకోలేదో మన ఇళ్లలో పెరిగినవాళ్లకు వివరించక్కర్లేదు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్న మాట వింటూ పెరిగాం. చుట్టాలొస్తే “మామయ్యకి ఒక ముద్దు పెట్టమ్మా” అంటాం. పాప తల్లి కొంగు వెనక్కి దాక్కుంటే “సిగ్గు” అని నవ్వేస్తాం. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని నేర్పిన పిల్లకు, ఫలానా పెద్దాయనకు మాత్రం వద్దని చెప్పాలని ఎలా తెలుస్తుంది?

ఏ స్పర్శ మంచిదో ఏది కాదో పిల్లలకు చెప్పే ఈ ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ పాఠం రూపు దిద్దుకున్నది అమెరికాలో. ఇంట్లోవాళ్ల చేతుల్లోనే దెబ్బలు తిని ఆసుపత్రికి వస్తున్న పిల్లల గురించి హెన్రీ కెంప్ అనే పిల్లల డాక్టరు, ఆయన సహచరులు 1962లో వైద్య పత్రికలో రాశారు. దాంతో అక్కడ పెద్ద చర్చ మొదలైంది. 1974లో పిల్లలపై హింసను అడ్డుకోవడానికి అక్కడ కేంద్ర చట్టం వచ్చింది. ఆ తర్వాత 1977లో మినియాపొలిస్ నగరంలో కార్డేలియా ఆండర్సన్ అనే ఆవిడ పిల్లలతో మాట్లాడటానికి ఒక పద్ధతి తయారుచేశారు. స్పర్శను ఒక పొడవాటి గీతలా చూపించారు. ఒక చివర అమ్మ దగ్గరికి తీసుకోవడం లాంటిది, ఇంకో చివర బాధపెట్టేది. మధ్యలో ఏంటో అర్థంకాక పిల్లల్ని తికమకపెట్టేది. దాన్నే అక్కడి నాటక బృందం రంగస్థలం మీదికి తెచ్చింది. దాదాపు అదే సమయంలో ఒహాయోలోని కొలంబస్‌లో, రెండో తరగతి చదివే పాపపై అత్యాచారం జరిగాక, మహిళా కార్యకర్తలు బడుల్లో ఆత్మరక్షణ పాఠాలు మొదలుపెట్టారు.

ఊళ్లు, దేశాలు దాటేసరికి ఆ గీతలో రెండు చివరలే మిగిలాయి: గుడ్, బ్యాడ్. మధ్యలోని తికమక జారిపోయింది. పిల్లలకు అసలు ఇబ్బంది అక్కడే. చాక్లెట్ ఇచ్చి, ముద్దు చేసి, మెల్లగా హద్దు దాటే మనిషి చెయ్యి మొదట్లో ‘బ్యాడ్’గా అనిపించదు. అనిపించలేదు కాబట్టి తప్పు తనదేనని పిల్ల లోలోపల కుమిలిపోతుంది. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు చాలామంది ఇప్పుడు ‘సేఫ్, అన్‌సేఫ్’ అంటున్నారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

మన దేశంలో ముందు కదిలింది స్వచ్ఛంద సంస్థలు. 1996లో ఢిల్లీలో రాహి సంస్థ, ముంబైలో ఆపదలో ఉన్న పిల్లలు సాయం కోసం ఫోన్ చేసే 1098 చైల్డ్‌లైన్ మొదలయ్యాయి. 2004లో చెన్నైలో తుళిర్, తర్వాత ముంబైలో అర్పణ్ వచ్చాయి. ప్రభుత్వ బడుల్లో మాత్రం ఈ విషయం సెక్స్ ఎడ్యుకేషన్ గొడవలో ఇరుక్కుపోయింది. కౌమార విద్య పేరుతో కేంద్రం తెచ్చిన కార్యక్రమాన్ని 2007లో మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు ఆపేశాయి. 2009లో ఎం.వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ, బడుల్లో సెక్స్ ఎడ్యుకేషన్ ఉండకూడదని సిఫార్సు చేసింది. ఆరేళ్ల పాపకు తన ఒంటి మీద తన హక్కు గురించి చెప్పడం వేరు, ఆ చర్చ వేరు. రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల చిన్నపిల్లలు నష్టపోయారు.

2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకే రక్షణ. నేరం జరిగిందని తెలిసీ ఫిర్యాదు చేయకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాళ్లు చేసిన నేరాన్ని దాచిపెట్టిన సంస్థ బాధ్యుడికైతే ఏడాది దాకా. పిల్లలకు మాత్రం ఈ శిక్ష వర్తించదు. చెప్పాల్సిన భారం పెద్దలదేనని చట్టం తేల్చేసింది.

ఇక క్లాసులో ఏం జరుగుతుంది? టీచర్ బోర్డు మీద చాక్‌పీసుతో బొమ్మ గీస్తారు. ఎవరూ ముట్టుకోకూడని చోట్లు చూపించాలి. అక్కడ నోరు పెగలదు, ఎందుకంటే ఆ భాగాలకు మనకు తెలిసిన తెలుగు మాటల్లో చాలావాటిని తిట్లుగా వాడేసుకున్నాం. చివరికి ‘ప్రైవేట్ పార్ట్స్’ అంటారు. పిల్లలు కిసుక్కున నవ్వుతారు. కాసేపటికి నవ్వు ఆగి ప్రశ్నలు వస్తాయి: అమ్మ స్నానం చేయిస్తుంది కదా? డాక్టర్ ముట్టుకోవచ్చా? ఆ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పిన టీచర్ దగ్గరికే, ఇంకో రోజు ఇంకో మాట చెప్పడానికి ఆ పిల్ల వస్తుంది.

పాఠం పనిచేస్తుందా అంటే, కొంతవరకు అవును. 2015లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ ఇలాంటి పాఠాలపై జరిగిన 24 అధ్యయనాలను, 5,802 మంది విద్యార్థుల ఫలితాలను కలిపి చూసింది. పిల్లలకు అవగాహన, తమను కాపాడుకునే నేర్పు పెరిగాయి. వేధింపులు నిజంగా తగ్గాయా అన్నది మాత్రం తేలలేదు. ఏడేళ్ల పిల్ల ‘వద్దు’ అన్నంత మాత్రాన నలభై ఏళ్ల మనిషి ఆగిపోతాడని ఎలా అనుకుంటాం?

2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక ప్రైవేటు స్కూల్లో ప్రిన్సిపల్ దగ్గర పనిచేసే డ్రైవర్ చిన్న పాపను వేధించిన ఉదంతం బయటపడినప్పుడు నగరం అట్టుడికింది. పిల్లలతో పనిచేసే సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్, శిక్షణ ఉండాలని 2020 నాటి పోక్సో నిబంధనల్లో అప్పటికే ఉంది. పిల్లల వయసుకు తగ్గ పాఠ్యాంశాలు తయారుచేయాలన్న మాటా ఉంది. మీ పిల్లల బడిలో బస్సు డ్రైవర్, ఆయా, వాచ్‌మన్ వెరిఫికేషన్ అయిందో లేదో వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల అట్ట మీద 1098 నంబరు వేస్తున్నారు. జూన్‌లో మనం బ్రౌన్ షీటుతో అట్టలు వేయగానే అది లోపలికి వెళ్లిపోతుంది. పేరు, తరగతి రాసే లేబుల్ మీద ఇంకో వరుసకు చోటుంటుంది. ఆ నంబరు కూడా అక్కడ రాసి, అది ఎందుకో పిల్లలకు చెప్పండి.