ముందు మొదలు చూడండి

చిరంజీవులిద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీరు పంపిన ఫోటో చూశాను. కుండీలో మీరు బోన్సాయ్‌గా మలుద్దామనుకుంటున్న ఫ్లవరింగ్ క్విన్స్ అనే పూల మొక్క, పక్కన కత్తెర, ఆ పక్కన వైరు చుట్ట. కత్తెర చూడగానే నాకు కాస్త టెన్షన్ వచ్చింది. "అమ్మమ్మా, ఇందులో చెట్టు ఏది? మట్టిలోంచి ఏడు కాడలు వచ్చాయి. ఒకటి ఉంచి మిగతా ఆరూ కోసేయమంటావా?" అని రాశారు. కోయకండి. ఈ ఉత్తరం మొత్తం చదివేదాకా ఆ కత్తెరని సొరుగులో ఉండనివ్వండి.

బోన్సాయ్, అంటే కుండీలో పొట్టిగా మలిచిన చెట్టు, అనగానే ఎవరికైనా ఒకే లావుపాటి మాను, అటూ ఇటూ కొమ్మలు, పైన గొడుగులా ఆకులు గుర్తొస్తాయి. పైన్ లాంటివాటికి ఆ రూపం నప్పుతుంది, ఎందుకంటే వాటి బలమంతా కొస వైపు పరిగెడుతుంది. క్విన్స్ అలా కాదు, అది పుట్టుకతోనే పొద. బలమంతా మొదట్లో పెట్టుకుని, అక్కణ్ణుంచీ, ఒక్కోసారి వేళ్ల మీంచి కూడా, పిలకలు వేస్తూనే ఉంటుంది.

నా మొదటి క్విన్స్‌కి నేనూ మీరు చేద్దామనుకున్నదే చేశాను. అన్నీ కోసి ఒకటి ఉంచాను. మరుసటి వసంతంలో కోసినచోట గుత్తులుగా పిలకలు లేచాయి. కోశాను. మళ్లీ లేచాయి. నేను ఉంచిన ఒంటికాడ మాత్రం మూడేళ్లయినా పెన్సిల్ లావు దాటలేదు. ఒంటిమాను క్విన్స్ చేయలేమని కాదు, చేసినవాళ్లున్నారు. కానీ ఏళ్ల తరబడి పిలకలతో పోట్లాట తప్పదు. ఆ పోట్లాటెందుకు, పిలకల్నే మానులుగా మలుచుకుంటే సరిపోతుంది కదా! ఒకే మొదలు నుంచి చాలా మానులు లేచే ఈ రూపాన్ని జపాన్‌లో కబుదాచి అంటారు. క్విన్స్‌కి ఇంతకన్నా నప్పే రూపం నాకైతే కనబడలేదు.

అందుకని మీ మొదటి పని కోయడం కాదు, తుడవడం. పాత టూత్‌బ్రష్ తీసుకుని కాడల చుట్టూ ఉన్న పైమట్టిని మెల్లగా తీయండి. రెండు మూడు సెంటీమీటర్లు దిగితే చాలు, ఏ కాడ ఎక్కడ పుట్టిందో తెలిసిపోతుంది. కొన్ని ఒకే ముడి నుంచి వస్తాయి. ఒకటి రెండు మాత్రం ఎడంగా, వేరు మీంచి లేచి ఉంటాయి. అవి ఎప్పటికీ గుంపులో కలవవు, వాటిని తీసేయొచ్చు.

చేతికి తొడుగులు మర్చిపోకండి. గులాబీ ముల్లు తొక్కకి అంటుకుని ఉంటుంది, పక్కకి నొక్కితే ఊడొస్తుంది. క్విన్స్ ముల్లు అలా రాదు. అది అసలు ముల్లే కాదు, మొన తేలిన చిన్న కొమ్మ. దగ్గరగా చూస్తే దాని మీద బుల్లి మొగ్గలు కూడా కనిపిస్తాయి. పట్టుకుని లాగితే మీ వేలికే నష్టం.

మట్టి తీశాక కుండీని మీ కంటి ఎత్తులో పెట్టి నెమ్మదిగా తిప్పండి. ఎటువైపు నుంచి చూస్తే కాడలు ఒకదాని వెనక ఒకటి దాక్కోకుండా కనిపిస్తాయో అదే మీ చెట్టుకి ముఖం. అన్నిటికంటే లావుగా ఉన్నది అన్నిటికంటే ఎత్తుగా ఉండాలి, అదీ సరిగ్గా నడిమధ్యన కాకుండా కాస్త పక్కకి. మిగతావి దాని కన్నా పొట్టిగా, సన్నగా, దేని ఎత్తు దానిదిగా ఉండాలి. ఒకే లావు, ఒకే ఎత్తు కాడలు రెండు పక్కపక్కనే ఉంటే చెట్టు కాస్తా చీపురులా కనిపిస్తుంది. మీ ఫోటోలో ఎడమవైపున రెండు కవలలున్నాయి. వాటిలో ఒకటి పోవాలి. ఏదో మీరే తేల్చుకోండి, కొట్టుకోకుండా. జపాన్ వాళ్లు ఇలాంటి గుంపుల్లో మూడు, ఐదు, ఏడు అంటూ బేసి లెక్కకే మొగ్గుతారు. మీకు ఐదు చాలు.

తీసేసేదాన్ని మొదలంటా తీయండి. సగంలో కోస్తే ఆ మోడులోంచి మూడు లేస్తాయి. ఇకమీదట వచ్చే పిలకల్ని వేలెడు పొడవు కాకముందే, పచ్చిగా ఉండగానే, బొటనవేలితో పక్కకి తోసేయండి. కత్తెర అక్కర్లేదు, అడుగున ఉన్న మొగ్గలతో సహా ఊడిపోతాయి. గుంపులో ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే మాత్రం అక్కడ పుట్టినదాన్ని ఉంచుకోండి. అందరికన్నా చిన్న మాను అదే అవుతుంది.

ఇప్పుడు ఆ ఐదూ లావెక్కాలి. ఇక్కడే చాలామంది ఆగలేరు. బోన్సాయ్ కదా అని చిన్న కుండీలో పెట్టి, వారానికోసారి కొసలు గిల్లుతూ కూర్చుంటారు. కాడని లావు చేసేవి దాని మీద పెరిగే ఆకులే. ఆకుల్ని గిల్లేస్తే లావు ఎక్కణ్ణుంచి వస్తుంది? పెద్ద కుండీలోనో, వీలైతే నేలలోనో పెట్టి, ఆ ఏడాదంతా రెమ్మల్ని ఇష్టమొచ్చినట్టు సాగనివ్వండి. మరుసటి వసంతంలో పూత అయిపోగానే కోయండి.

ఎలా కోయాలో పెద్ద కాడని తీసుకుని చెప్తాను. దాన్ని దగ్గరగా పట్టుకుని చూడండి. ప్రతి కణుపు దగ్గరా ఒక మొగ్గ ఉంటుంది, ఒక్కో కణుపులో ఒక్కో వైపు చూస్తూ. కోసినచోటికి కిందనున్న మొగ్గ ఎటు చూస్తుంటే కొత్త రెమ్మ అటే పోతుంది. మట్టికి ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తులో ఎడమకి చూసే మొగ్గ ఉందనుకోండి. దానికి కొన్ని మిల్లీమీటర్ల పైన కోయండి. మరీ ఆనించి కోస్తే తెగినచోట ఎండుతూ వచ్చి మొగ్గ కూడా పోతుంది. కొత్త రెమ్మ ఎడమకి సాగుతుంది. దాన్ని ఏడాదంతా పెరగనిచ్చి, వచ్చే వసంతంలో నాలుగు సెంటీమీటర్ల దగ్గర, కుడికి చూసే మొగ్గ పైన కోయండి. ఆ తర్వాతి ఏడు రెండు సెంటీమీటర్ల దగ్గర, ఈసారి మీ వైపు చూసే మొగ్గ పైన. ప్రతి ముక్కా కిందిదాని కంటే పొట్టి, కిందిదాని కంటే సన్నం, ఒక్కోటి ఒక్కో వైపు. ముసలి చెట్టు అలాగే ఉంటుంది కదా! దక్షిణ చైనాలో లింగ్నాన్ అనే సంప్రదాయం ఉంది. అక్కడివాళ్లు వైరు మీద పెద్దగా ఆధారపడకుండా, ఇలా కోసి పెంచి, పెంచి కోసి చెట్లని మలుస్తారు. క్విన్స్‌కి నేను ఎక్కువగా వాడేది ఈ పద్ధతే.

మరి ఆ వైరు చుట్ట ఎందుకంటారా? రెమ్మల్ని కావలసిన వైపు వంచి ఉంచడానికి. అవసరమే, కానీ కొద్దిగానే. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. క్విన్స్ మొక్కగా ఉన్నప్పుడే సరిగ్గా వంగదు. ఏడాది దాటిన కర్ర పెళుసు. వంచుతుంటే వంగుతున్నట్టే ఉండి, ఏ హెచ్చరికా లేకుండా టప్‌మని విరుగుతుంది. వంగేది ఆ ఏడాది వచ్చిన రెమ్మే, అదీ కొన్ని వారాలే. ఆకులు ముదిరి, తొక్క ఇంకా పచ్చగా ఉండి, అడుగు మాత్రం గోధుమరంగుకి తిరుగుతున్న సమయం చూసుకోవాలి. అల్యూమినియం వైరు, రెమ్మ లావులో మూడో వంతుది తీసుకోండి. నలభై ఐదు డిగ్రీల వాలులో, బిగించకుండా, ముళ్లని తప్పిస్తూ చుట్టండి. రెమ్మ పుట్టినచోట పట్టు తక్కువ, అక్కడ ఒక వేలు ఆనించి ఉంచి, కాస్త పైన వంచండి. చుట్టేశాక వారానికోసారి చూడాలి. రెమ్మ లావెక్కి వైరు తొక్కలోకి దిగిందంటే ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు. తీసేటప్పుడు విప్పకండి, ముక్కలుగా కత్తిరించి తీయండి. వైరు కన్నా కొమ్మే ఖరీదు.

పూల గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు మీరు, ఆశ్చర్యంగా ఉంది. క్విన్స్ అందమంతా అందులోనే ఉంది. చలికాలం చివర, ఆకు ఒక్కటి కూడా లేని నల్లటి కొమ్మ మీద ఎర్రటి పూలు నేరుగా కర్రకి అతికించినట్టు విచ్చుకుంటాయి. అవి పాత కర్ర మీదే వస్తాయి. వాటి మొగ్గలు అంతకుముందు వేసవిలోనే తయారై ఉంటాయి. ఆకులు రాలాక చూడండి. సన్నగా, మొనదేలి, కొమ్మకి అంటుకుని ఉన్నవి ఆకు మొగ్గలు. మిరియాల్లా గుండ్రంగా, రెండు మూడు కలిసి ఉన్నవి పూమొగ్గలు. ఈ తేడా తెలియని రోజుల్లో ఒకసారి చలికాలం ముందు మొక్కని ముచ్చటగా ట్రిమ్ చేశాను. ఆ వసంతంలో ఒక్క పువ్వు లేదు. పూలన్నీ నా చేత్తోనే చెత్తబుట్టలో వేశానని తర్వాత అర్థమైంది.

రూపం వచ్చేసిన చెట్టుకైతే, వసంతంలో వచ్చే పొడవాటి రెమ్మల్ని ఆకులు ముదిరేదాకా వదిలి, ఆ తర్వాత రెండు మూడు ఆకులు ఉంచి కత్తిరిస్తే పొట్టి రెమ్మలు తయారై, వాటి మొదట్లో పూమొగ్గలు కడతాయి. మీది ఇంకా పసిది. లావూ పూలూ రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. నాలుగు పూలు చూసుకోండి, కాయలు మాత్రం ఉంచకండి. బోన్సాయ్‌లో ఆకులు చిన్నవవుతాయి గానీ పువ్వూ కాయా చిన్నవి కావు. పచ్చటి, గట్టి, సువాసన వేసే ఆ కాయ ఒక్కటి ఉన్నా చిన్న మొక్క బలాన్ని లాగేస్తుంది. అందుకే జపాన్‌లో బోన్సాయ్‌కి చోజుబాయ్ అనే రకం మీద అంత మోజు. దాని ఆకూ పువ్వూ సహజంగానే బుల్లివి, పైగా ఏడాదిలో చాలాసార్లు పూస్తుంది. పేరుకి అర్థం "దీర్ఘాయువు ప్లమ్". ప్లమ్ కాదులెండి, ఆపిల్‌కీ పియర్‌కీ చుట్టం, గులాబీ కుటుంబం.

మొక్కని ఇంట్లో పెట్టకండి. దానికి బయటి ఎండ కావాలి, చలికాలంలో చలి తగలాలి. వెచ్చగా దాచిపెడితే పూత రాదు.

కుండీ మార్చే సంగతి ఒకటుంది. చాలా చెట్లకి అది వసంతంలో చేస్తారు. క్విన్స్‌కి మాత్రం జపాన్ వాళ్లు ఆకురాలే కాలం దాకా ఆగుతారు. కారణం, వేళ్ల మీద కణుతులు లేపే ఒక బాక్టీరియా. క్రౌన్ గాల్ అంటారు ఆ జబ్బుని. అది తెగిన గాయాల్లోంచి లోపలికి పోతుంది, వెచ్చటి రోజుల్లో చురుగ్గా ఉంటుంది. చల్లబడ్డాక వేళ్లు కోస్తే ఆ భయం తగ్గుతుంది. కోసేముందు కత్తెరని స్పిరిట్‌తో తుడవండి. మొదట్లో గానీ వేళ్ల మీద గానీ బుడిపెలు కనిపిస్తే కోసి తీసేయాలి, ఆ కత్తెరతో వేరే మొక్కని ముట్టుకోకూడదు. నీరు నిలవని గరుకు మట్టి వాడండి. సున్నం ఎక్కువైన మట్టిలో, నీళ్లలో ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నీళ్ల విషయంలో ఇది దాహం గల మొక్క, వేసవిలో ఒక్క రోజు ఎండినా అలిగి ఆకులు రాల్చేస్తుంది. లేత చిగుళ్లకి పేనుబంక పడుతుంది. నీళ్లు చిమ్మి కడిగేయండి, చాలు.

అన్నట్టు, కోసిన వేళ్లని పారేయకండి. పెన్సిల్ లావున్నవాటిని ఐదారు సెంటీమీటర్ల ముక్కలు చేసి, చెట్టు వైపున్న కొస పైకి ఉండేలా మట్టిలో గుచ్చండి. కొన్నైనా చిగురిస్తాయి. మీది అంటుమొక్క కాకపోతే వాటికీ అవే పూలు పూస్తాయి. ఇద్దరికీ చెరో క్విన్స్ అవుతుంది, ఎడమ కవల, కుడి కవల అనే గొడవ కూడా తీరిపోతుంది.

ఈ వారం టూత్‌బ్రష్ పని ఒక్కటే చేయండి. మట్టి తీశాక ఫోటో పంపండి. ఈసారి పైనుంచి కాదు, బల్ల మీద గడ్డం ఆనించి, మొదలు కనిపించేలా నాలుగు వైపుల నుంచీ తీయండి. ఏ కాడని తీసేయాలనుకుంటున్నారో, దాన్నే ఎందుకో ఇద్దరూ విడివిడిగా రాయండి. నేను జవాబు రాసేదాకా కత్తెర సొరుగులోనే ఉండాలి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ