జోడీ ఆటలో ఎవరి కండరం ముందు?

ఎడమ మోచేయి వంచి అరచేతిలో ఓ లావుపాటి పుస్తకం పెట్టుకోండి. దాన్ని మీ కుడిచేత్తోనే తీసేస్తే ఎడమచెయ్యి ఉన్నచోటే ఉంటుంది. పక్కనున్నవాళ్లు తీస్తే, కళ్లారా చూస్తున్నా సరే, చెయ్యి ఎంతోకొంత పైకి లేస్తుంది. మనమే తీసేటప్పుడు బరువు పోకముందే దండలోని బైసెప్స్ కండరం సడలడం మొదలవుతుంది. ఎదుటివాళ్ల చేతి గురించి మెదడుకు అంత కచ్చితమైన కబురు ముందుగా అందదు.

మరి టాంగో అనే జంట నాట్యం చేసేవాళ్ల సంగతేంటి? సరదాగా ఆడే టాంగోలో అడుగులు ముందే అనుకోరు. ఒకరు నడిపిస్తుంటే రెండోవాళ్లు కౌగిలిలోని ఒత్తిడిని బట్టి అప్పటికప్పుడు అందుకుంటారు. ఆ అందుకోవడం ఏ క్షణాన మొదలైందో వీడియోలో దొరకదు. కండరంలో విద్యుత్తు పుట్టాక బలం రావడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, కదలిక కనబడేసరికే అసలు కథ మొదలైపోయి ఉంటుంది. ఆ విద్యుత్తును పట్టి గీతగా చూపేదే ఈఎంజీ (ఎలక్ట్రోమయోగ్రఫీ).

చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, కండరం పొడవునా సుమారు 2 సెంటీమీటర్ల ఎడంతో రెండు ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. వచ్చే సంకేతం వోల్టులో వెయ్యో వంతు, చాలాసార్లు అంతకన్నా తక్కువే. అందులో పనికొచ్చేది దాదాపు 20 నుంచి 450 హెర్ట్‌జ్‌ల మధ్య ఉంటుంది. కుర్చీలో కూర్చోబెట్టి కొలిస్తే పేచీ లేదు. డాన్సులో చెమటకు ఎలక్ట్రోడ్లు ఊడతాయి. వీపు మీద అంటిస్తే సరిగ్గా అక్కడే జోడీ అరచెయ్యి పడుతుంది. పైగా గుండె విద్యుత్తు కూడా గీతలోకి చొరబడుతుంది. కవికి అది వరమేమో గానీ, కొలిచేవాడికి వడకట్టి పారేయాల్సిన చెత్త.

ఒకరి మైక్రోవోల్టులను (వోల్టులో పదిలక్షో వంతులు) ఇంకొకరివాటితో నేరుగా పోల్చలేం. చర్మం కింది కొవ్వు మందం మారితేనే అంకె మారిపోతుంది. అందుకే ఎవరి కండరానికి వాళ్ల గరిష్ఠ బిగింపునే 100 శాతంగా తీసుకుంటారు.

నా దృష్టిలో అసలు చిక్కు సంగీతం. ఇద్దరూ ఒకే పాట వింటున్నారు, వేర్వేరు గదుల్లో ఆడినా గీతలు కొంత కలుస్తాయి. దీనికో మంచి ఉపాయం ఉంది. అదే పాటకు ఆడిన రెండు జంటలను తీసుకుని, ఒక జంటలో నడిపినవారి గీతను మరో జంటలో అనుసరించినవారి గీతతో జతచేసి చూడాలి. నిజమైన జోడీలో దానికన్నా ఎక్కువగా కనబడే పొందికే వాళ్లిద్దరిదీ.

ఈ లెక్కన మన కోలాటం కొలతకు ఇంకా అనువైనదనిపిస్తుంది. కర్రా కర్రా తగిలిన క్షణమే ఇద్దరికీ కాలానికి సున్నా, మణికట్టుకు కుదుపును పట్టే చిన్న యాక్సిలరోమీటర్ కడితే అది తెలిసిపోతుంది. పైనుంచి పడే బంతిని పట్టబోయే చేతి కండరాలు తాకిడికి ముందే బిగుసుకుంటాయి. దెబ్బకు ముందు ముంజేయి కూడా అలాగే బిగుసుకోవాలి. వలయం తిరిగి కొత్త జోడీ ఎదురైనప్పుడు ఆ బిగింపు పెరుగుతుందా, పెరిగితే ఎన్ని దెబ్బల్లో తగ్గుతుంది అన్నది కొలిచి చూడదగ్గ ప్రశ్న.