పాత జపాన్ కారుకు ఇంట్లోనే రంగు: అపోహలు – వాస్తవాలు

అపోహ: వెలిసి గులాబీ రంగుకు తిరిగిన ఎర్ర కారుకు మళ్లీ రంగు వేయక తప్పదు.

వాస్తవం: 1980ల జపాన్ కార్లలో ఎరుపు, తెలుపు వంటి సాదా రంగులు చాలావరకు సింగిల్ స్టేజ్, అంటే పైన క్లియర్ (రంగును కాపాడే పారదర్శక మెరుపు పొర) ఉండదు. ఒక మూల కాంపౌండ్‌తో (గరుకు పాలిష్ పేస్టుతో) రుద్దండి. గుడ్డకు ఎరుపు అంటితే అది సింగిల్ స్టేజే. వెలిసిన పైపొర పోతే అడుగున అసలు ఎరుపు ఉంటుంది. అంచుల దగ్గర రంగు పలచన, అక్కడ గట్టిగా రుద్దొద్దు. క్లియర్ ఉండి అది పెచ్చులు లేస్తుంటే మాత్రం పాలిష్ దండగ.

అపోహ: తుప్పు గీకి, కన్వర్టర్ (తుప్పును నిలకడైన పొరగా మార్చే ద్రవం) రాసి, పుట్టీ పెడితే సరి.

వాస్తవం: డబ్బంతా రంగుకు పోస్తారు, కారు పాడయ్యేది ఇక్కడ. వెనక చక్రం పైన బయటి రేకూ లోపలి రేకూ కలిసే మడతలో బురద, తేమ నిలుస్తాయి. పైన చిన్న పొక్కు కనిపించేసరికి లోపల జల్లెడై ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి, దిగితే కోయాల్సిందే. కన్వర్టర్ తనకు తగిలిన తుప్పునే మారుస్తుంది, మడతలోకి వెళ్లదు. చిల్లు మీద మెత్తిన పాలిస్టర్ పుట్టీ వెనకనుంచి తేమ పీల్చి పొక్కుతుంది.

కొత్త ముక్క అతికేటప్పుడు ఏకధాటిగా వెల్డింగ్ లాగొద్దు. రేకు మందం సుమారు 0.8 మిల్లీమీటర్లు, వేడికి ముడతపడుతుంది. దూరదూరంగా చుక్కలు పెట్టి, చల్లారాక మధ్యలో నింపుకుంటూ రావాలి. తర్వాత ఎపాక్సీ ప్రైమర్ (రేకును కాపాడే అడుగు పూత) కొట్టాలి. రంగు పనంతా అయ్యాక సిల్ (తలుపు కింది పట్టీ), ఆర్చ్ (చక్రం పై వంపు) లోపలి ఖాళీల్లోకి క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టనివ్వని మైనం) కొట్టాలి.

అపోహ: హార్డెనర్ (గట్టిపరిచే మందు) ఎక్కువేస్తే పుట్టీ గట్టిగా వస్తుంది.

వాస్తవం: 100 గ్రాముల పుట్టీకి సుమారు 2 గ్రాములు, అంతే. ఎక్కువైతే హార్డెనర్‌లో మిగిలిన పెరాక్సైడ్ పై రంగులోకి ఊరి మరకవుతుంది. తక్కువైతే పుట్టీ ఆరక ఎమరీ పేపర్‌కు అంటుకుంటుంది.

అపోహ: ఎమరీ పేపర్ గీతలను ప్రైమర్ కప్పేస్తుంది.

వాస్తవం: ఆ రోజుకు కప్పుతుంది. థిన్నర్ ఎగిరిపోయేకొద్దీ ప్రైమర్ కుంగి, వారాల తర్వాత 80 నంబరు (గరుకు) ఎమరీ పేపర్ గీతలు మెరిసే రంగులోంచి తేలతాయి. 80, 180, 320 వరుస తప్పొద్దు. ప్రైమర్ మీద మెటాలిక్ (లోహపు మెరుపు రంగు) కొట్టే ముందు 600 నంబరు. రుద్దకముందే జిడ్డు తుడవండి. లేదంటే పాత పాలిష్‌లోని సిలికాన్ గీతల్లోకి దిగి రంగులో చేపకళ్లలాంటి గుంటలు పడతాయి.

అపోహ: కలర్ కోడ్ ఉంటే రంగు కలిసిపోతుంది.

వాస్తవం: టొయోటా ప్లేటు మీద సీ/టీఆర్ (కలర్/ట్రిమ్) పక్కన ఉండే కోడ్ మొదలుపెట్టడానికే. పాత కారు ఎండకు వెలిసి ఉంటుంది. అట్ట మీద అన్ని కోట్లూ కొట్టి పగటి వెలుతురులో పక్కన పెట్టి చూడాలి. మెటాలిక్‌లో స్ప్రే గన్ దూరం మారినా ఛాయ మారుతుంది.

అపోహ: ఒక్క మందపాటి క్లియర్ కోటు చాలు.

వాస్తవం: కారుతుంది, లేదా లోపల చిక్కిన థిన్నర్ బుడగలై పేలుతుంది. 1.3 మిల్లీమీటర్ల నాజిల్, 15–20 సెంటీమీటర్ల దూరం, ప్రతి వరస ముందుదాని మీద సగం పడేలా, కోట్ల మధ్య 10–15 నిమిషాలు.

అపోహ: బొగ్గు ఫిల్టర్ మాస్క్ ఉంటే టూకే క్లియర్ (హార్డెనర్ కలిపే క్లియర్) ఇంట్లో కొట్టొచ్చు.

వాస్తవం: ఈ హార్డెనర్‌లోని ఐసోసయనేట్ రసాయనం వాసనతో హెచ్చరించదు, ఫిల్టర్ ఎప్పుడు పనిచేయడం మానిందో తెలియదు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, ఆపై కొద్దిపాటి స్ప్రే తుంపరకే ఉబ్బసం రావచ్చు. బయటినుంచి శుభ్రమైన గాలి అందించే మాస్క్, గ్లవ్స్, ఒళ్లంతా కప్పే సూట్ కావాలి. అవి లేకపోతే ప్రైమర్ రుద్దడం వరకు మీరు చేసుకుని, రంగు, క్లియర్ మాత్రం పెయింట్ బూత్‌కు అప్పగించండి.